పంపు పిడి ఊడదీయించిన వాదం

దూరంగా కొండమీద పొగ లేస్తోందనుకోండి. చూడగానే మీకేమనిపిస్తుంది? అక్కడేదో మండుతోందనిపిస్తుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. వంటింట్లో, భోగిమంట దగ్గర, ఇటుకబట్టీ దగ్గర పొగా నిప్పూ కలిసుండటం చూసి చూసి ఉన్నారు కనక క్షణంలో తేల్చేస్తారు. చిక్కెక్కడ వస్తుందంటే, పక్కనున్నవాడు "అబ్బే, అది పొగ కాదు, మంచు" అన్నప్పుడు. ఇప్పుడు మీ బుర్రలో క్షణంలో జరిగిపోయినదాన్ని విప్పి, ఒక్కొక్కటిగా అతని ముందు పరిచి చూపించాలి.

మన తార్కికులు ఈ రెంటికీ వేరువేరు పేర్లు పెట్టారు. తనకోసం తాను తేల్చుకునేది స్వార్థానుమానం, ఎదుటివాణ్ణి ఒప్పించడానికి చేసేది పరార్థానుమానం. పదిహేడో శతాబ్దంలో మన తెలుగువాడే అయిన అన్నంభట్టు రాసిన ‘తర్కసంగ్రహం’లో ఇదంతా ఉంది. చాలా చిన్న పుస్తకం. పిల్లలకి సులువుగా తెలియడం కోసమే రాస్తున్నానని ఆయనే మొదట్లో చెప్పుకున్నాడు. (ఆనాటి పిల్లలు గట్టివాళ్ళయి ఉండాలి. ఈనాడు దాన్ని చదవడానికి పెద్దవాళ్ళకే వ్యాఖ్యానం కావాల్సి వస్తోంది.)

ఎదుటివాణ్ణి ఒప్పించే మాటకి అయిదు అంగాలుండాలన్నారు. ముందు చెప్పదలచుకున్నది చెప్పేయాలి: కొండమీద నిప్పుంది. అది ప్రతిజ్ఞ. ఎందుకట? పొగ ఉంది కనక. అది హేతువు. పొగ ఉంటే మాత్రం? ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పుంటుంది, వంటింట్లో చూడు. అది ఉదాహరణ. ఈ కొండమీదా అలాంటి పొగే ఉంది అనడం ఉపనయం. కాబట్టి అక్కడ నిప్పుంది అని ముగించడం నిగమనం. మొదట అన్నదే చివర్లో మళ్ళీ అంటున్నాడేమిటని విసుక్కోకండి. మొదట అన్నప్పుడు అది అతనొక్కడి మాట. మధ్యలోవన్నీ మీరు ఒప్పుకుంటూ వచ్చారు కనక, చివర్లో అనేసరికి అది మీ మాట కూడా అయింది.

ఈ అయిదింటిలో బరువంతా మోసేది మూడోది. ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు అనే ఆ తప్పనిసరి సంబంధాన్ని వ్యాప్తి అంటారు. రోజూ మనం వినే వాదాల్లో సరిగ్గా దీన్నే మింగేస్తారు. బండి పోతుంటే చక్రాలు కనిపిస్తాయి గానీ ఇరుసు కనిపించదు చూడండి, ఇదీ అంతే. విరిగితే బండి కూలబడేదీ దానివల్లే. 1958లో స్టీఫెన్ టూల్మిన్ అనే ఇంగ్లీషు తత్వవేత్త, వాదాలు ఎలా కడతారనే విషయం మీద ఒక పుస్తకం రాశాడు. చెప్పే మాటకీ చూపే ఆధారానికీ మధ్య, పైకి చెప్పని ఒక లంకె ఉంటుందనీ, వాదాన్ని పరీక్షించాలంటే దాన్ని పట్టుకోవాలనీ ఆయన కూడా అన్నాడు.

టీవీలో ఒక ప్రకటన వస్తుంది. ఫలానా పొడి పాలల్లో కలిపి ఏడాదిపాటు తాగిన పిల్లాడు తలుపుమీద గీసిన గీత దాటి ఎదిగాడు. అందుచేత ఆ పొడి ఎత్తు పెంచుతుంది. ఇందులో ప్రతిజ్ఞ ఉంది, హేతువు ఉంది, నవ్వుతున్న తల్లి కూడా ఉంది. లేనిదల్లా వ్యాప్తి. ఆ పొడి తాగని పిల్లాడు ఏడాదిలో ఎదగలేదా? ఆ వయసులో పిల్లలు గంజి తాగినా ఎదుగుతారు.

ఈ కబుర్లు చెబుతుంటే మా బుజ్జిగాడు అడ్డం తగిలాడు. "తాతయ్యా, వంటింట్లో నిప్పుంటే పొగ ఉంటుందన్నావు. మన గ్యాస్ స్టవ్వుకి పొగే రాదు కదా!"

"నేనలా అనలేదురా. పొగ ఉంటే నిప్పుంటుందన్నాను. నువ్వు తిరగేశావు."

వాడు తిరగేసింది కూడా పాతకాలం నుంచీ ఉన్నదే. నిప్పుంది కనక పొగ ఉండాలి అని ఎవడన్నా వాదిస్తే ఒప్పుకోవద్దు, ఎర్రగా కాలిన ఇనపగుండు చూడమన్నారు తార్కికులు. అందులో నిప్పుంది, పొగ లేదు. మరి పొగ ఎందువల్ల వస్తుంది? పచ్చికట్టె వల్ల. నిప్పుకి తడిసిన కట్టె తోడైతేనే పొగ. పైకి కనిపించకుండా లోపల కూర్చుని అసలు పని చేసే ఇలాంటి షరతుని ఉపాధి అన్నారు. ఈ కబుర్లలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే దీన్నే పెట్టుకోండి. పాలల్లో పొడి కథలో ఉపాధి పిల్లాడి వయసు.

ఇప్పుడు లండన్ పోదాం. అక్కడ ఒక డాక్టరు, అన్నంభట్టు పేరైనా వినకుండా, ఈ పద్ధతినంతా వీధులు తిరిగి నడిపించాడు. ఆయన పేరు జాన్ స్నో.

కలరా 1831లో ఇంగ్లండులో అడుగుపెట్టింది. పొద్దున్న బాగున్న మనిషి వాంతులూ విరేచనాలూ పట్టుకుని రాత్రికి పోయేవాడు. ఎందుకొస్తుందంటే డాక్టర్లలో చాలామంది, ప్రభుత్వ ఆరోగ్య మండలితో సహా, చెప్పేది ఒకటే: కుళ్ళుకంపు. మురుగులోంచీ చెత్తలోంచీ లేచే చెడుగాలి పీల్చడం వల్ల జబ్బు వస్తుందని. తెలివితక్కువ వాదమని నవ్వేయకండి. పేదల పేటల్లో కంపూ ఉంది, కలరా ఉంది. కంపు లేని పెద్దవాళ్ళ వీధుల్లో కలరా తక్కువ. పొగా నిప్పూ లాగానే కనిపిస్తుంది.

పైగా దానికి లెక్కల బలం కూడా దొరికింది. జనన మరణాల లెక్కలు చూసే కార్యాలయంలో విలియం ఫార్ అని మహా గణకుడు ఉండేవాడు. 1849 నాటి కలరాలో లండన్‌లో చనిపోయినవాళ్ళని, వాళ్ళుండే నేల ఎత్తునిబట్టి విడగొట్టి చూశాడు. 20 అడుగుల ఎత్తులోపు పల్లంలో పదివేలమందికి 102 మంది పోయారు. ఎత్తు పెరిగినకొద్దీ ఆ సంఖ్య 65, 34, 27 అంటూ తగ్గిపోతూ, బాగా ఎత్తైన చోట పదిలోపుకి వచ్చేసింది. ఇంత నునుపైన వరస చూస్తే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. చెడుగాలి పల్లంలో నిలవుంటుంది, పైకి పోయినకొద్దీ పలచబడుతుంది, లెక్క సరిపోయింది.

కానీ పల్లంలో ఇంకేముంది? థేమ్స్ నది. ఆ ఇళ్ళవాళ్ళు తాగేది చాలావరకు ఆ నది నీళ్ళే, ఊరి మురుగంతా కలిసేదీ ఆ నదిలోనే. ఫార్ లెక్కలో తప్పు లేదు, అంకెలన్నీ నిజమే. పల్లం వెనక నీళ్ళు దాక్కున్నాయి. ఉపాధి!

స్నో రోజూ చేసే పని ఆపరేషన్లకి మత్తుమందు ఇవ్వడం. 1853లో విక్టోరియా రాణి కాన్పులో క్లోరోఫారం ఇచ్చింది ఆయనే. ఆవిర్లూ వాయువులూ మనిషి ఒంట్లో ఎలా పనిచేస్తాయో అంతగా తెలిసినవాళ్ళు ఆ రోజుల్లో కొద్దిమంది. అందుకే ఆయనకి చెడుగాలి సంగతి మింగుడుపడలేదు. పీల్చిన విషమైతే దాని గుర్తులు ముందు ఒళ్ళంతా కనిపించాలి, కలరా మాత్రం కడుపులో మొదలవుతోంది. అంటే కడుపులోకి పోయినదేదో దానికి కారణం. నీళ్ళు. 1849లోనే ఈ మాట చిన్న పుస్తకంగా అచ్చు వేశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ప్రతిజ్ఞా హేతువూ ఉన్నాయి గానీ, ఎదుటివాళ్ళని కదిలించేపాటి ఉదాహరణలు ఇంకా చేతికి రాలేదు.

అయిదేళ్ళకి అవి ఆయన ఇంటికి కాస్త దూరంలోనే వచ్చిపడ్డాయి. 1854 ఆగస్టు 31 రాత్రి సోహో పేటలో, బ్రాడ్ స్ట్రీట్ చుట్టూ కలరా విరుచుకుపడింది. పదిరోజుల్లో అయిదువందల పైచిలుకు మంది పోయారు. ఆ వీధిలో ఒక బోరింగు పంపు ఉంది. నీళ్ళు చల్లగా, కమ్మగా ఉంటాయని పేరు. దగ్గర్లో వేరే పంపులున్నా జనం కావాలని దీనిదగ్గరికే వచ్చేవాళ్ళు. స్నో మరణాల జాబితా తీసుకుని ఇంటింటికీ తిరిగాడు. జాబితాలోని 83 మందిలో దాదాపు అందరూ పంపు చుట్టుపక్కలవాళ్ళే.

మామూలు మనిషైతే ఇక్కడ ఆగి వ్యాసం రాసేసేవాడు. పంపు దగ్గర చావులు, కాబట్టి పంపే కారణం. ఇందులో ఉన్న వ్యాప్తికి అన్వయం అని పేరు: ఇది ఉన్నచోట అదీ ఉంది. కానీ చెడుగాలి పక్షంవాళ్ళు ఊరుకుంటారా? ఆ వీధిలో పంపూ ఉంది, కంపూ ఉంది, నువ్వు పంపంటావు, మేం కంపంటాం అనరూ? అందుకని స్నో తన మాటకి అడ్డం వచ్చే మనుషుల్ని ఏరి పట్టుకున్నాడు.

ఆ 83 మందిలో పదిమంది ఇళ్ళు వేరే పంపుకి దగ్గర. వీళ్ళెందుకు పోయారు? వాళ్ళ గుమ్మాలు ఎక్కాడు. అయిదుగురి ఇళ్ళవాళ్ళు, మాకా నీళ్ళే ఇష్టం, రోజూ బ్రాడ్ స్ట్రీట్ నుంచే తెప్పించుకుంటాం అన్నారు. ముగ్గురు పిల్లలు ఆ పంపు పక్కనున్న బడికి పోయేవాళ్ళు. మిగిలిన ఇద్దరూ మాత్రం, ఈ గొడవ మొదలవకముందు నుంచీ అక్కడక్కడా జరుగుతున్న కలరా చావుల లెక్కలోవాళ్ళు. అలాగే రాశాడు.

తరవాత తిరగేసి చూశాడు. పంపు పక్కనే ఉండి బతికినవాళ్ళెవరు? పోలండ్ స్ట్రీట్‌లో దిక్కులేనివాళ్ళ ఆశ్రమం ఉంది. 535 మంది ఉంటున్నారు. చుట్టూ ఇళ్ళలో జనం రాలిపోతుంటే లోపల పోయింది అయిదుగురే. వాళ్ళకి సొంత బావి ఉంది. బ్రాడ్ స్ట్రీట్‌లోనే ఒక బీరు కంపెనీ ఉంది. డెబ్భైమందికి పైగా పనివాళ్ళు, ఒక్కరికీ ప్రాణం మీదికి రాలేదు. యజమానిని అడిగితే, మావాళ్ళకి రోజూ బీరిస్తాం, అసలు నీళ్ళే తాగరనుకుంటాను, ఆ పంపు జోలికైతే ఖాయంగా పోరు, మాకు సొంత బావి కూడా ఉంది అన్నాడు. కంపు మాత్రం అందరికీ ఒకటే. గోడ కట్టినా ఆగేది కాదు. ఆ పంపు నీళ్ళు లేనిచోట జబ్బు దాదాపు లేదు. దీన్ని వ్యతిరేకం అంటారు. అన్వయం, వ్యతిరేకం రెండూ కుదిరిన హేతువుని తర్కసంగ్రహం అన్వయవ్యతిరేకి అంటుంది.

ఇక అన్నిటికన్నా గొప్ప సాక్ష్యం ఊరికి అవతల దొరికింది. హామ్‌స్టెడ్‌లో, కొన్ని మైళ్ళ దూరంలో, గాలి బాగుండే ఎత్తైన చోట ఒక వితంతువు కలరాతో పోయింది. నెలల తరబడి ఆవిడ సోహో మొహం చూడలేదు. స్నో వెళ్ళి ఆవిడ కొడుకుని అడిగాడు. ఒకప్పుడు బ్రాడ్ స్ట్రీట్‌లో ఉండి ఆ నీళ్ళ రుచి మరిగిన మనిషి. సోహో నుంచి రోజూ వచ్చే బండిలో ఒక సీసా నీళ్ళు తెప్పించుకునేదట. చూడటానికి వచ్చిన మేనకోడలు కూడా ఆ నీళ్ళే తాగి, ఇజ్లింగ్టన్‌లో తన ఇంటికి పోయి, అక్కడ చనిపోయింది. ఆ రెండు చోట్లా అప్పటికి కలరా లేదు. సీసాలో నీళ్ళు హామ్‌స్టెడ్ దాకా వెళ్ళాయి గానీ కంపు వెళ్ళలేదు కదా!

సెప్టెంబరు 7 సాయంత్రం ఆ పేట పెద్దల సభకి వెళ్ళి స్నో అప్పటికి తనకి తెలిసినదంతా చెప్పాడు. మర్నాడు పంపు పిడి ఊడదీశారు. చాలామంది స్నో గీసిన మ్యాపు వల్లే వాళ్ళు ఒప్పుకున్నారని చెబుతుంటారు. ఇళ్ళముందు నల్లగీతలతో చావులు గుర్తుపెట్టిన ఆ మ్యాపు నిజంగానే అందమైనది. కానీ అది తరవాత తయారైంది. ఆ రాత్రి సభలో పనిచేసింది మనుషుల కథలే.

"అయితే పిడి తియ్యగానే కలరా ఆగిపోయిందా తాతయ్యా?" అని మా అమ్మలు అడిగింది.

ఆగిపోయిందని చెబితే కథ ఎంత బాగుంటుందో! చాలా పుస్తకాలు అలాగే చెబుతాయి. స్నో మాత్రం అలా చెప్పలేదు. అప్పటికే బాగా దెబ్బతిన్న వీధుల్లో ముప్పాతికమందికి పైగా ఇళ్ళొదిలి పారిపోయారు, చావులు అంతకుముందు నుంచే తగ్గుతున్నాయి, కాబట్టి పిడి తీయడం వల్లే ఆగిందని చెప్పలేను అని తన పుస్తకంలో తనే రాశాడు. ఆయన గురించి చదివిన వాటన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే. చేతిలోకొచ్చిన గెలుపుని, తనకి హక్కు లేదని పక్కన పెట్టాడు. ఇలాంటి మనిషి మరోచోట ‘ఇది మాత్రం ఖాయం’ అంటే చదివేవాడు తల ఊపుతాడు. ఎంతవరకు తెలుసో అంతవరకే చెప్పి గీత గీయడం కూడా వాదానికి ఒక అంగమని టూల్మిన్ లెక్కవేశాడు.

ఖాయమని స్నో చెప్పగలిగింది నది దక్షిణాన. అక్కడ రెండు కంపెనీలు ఇళ్ళకి కుళాయి నీళ్ళు అమ్మేవి. ఒకప్పుడు పోటీపడి ఒకే వీధిలో రెండూ గొట్టాలు వేశాయి. ఈ ఇంటికి ఒకటి, పక్కింటికి మరొకటి. 1852లో లాంబెత్ కంపెనీ తన తూములు మురుగు చేరని ఎగువకి, థేమ్స్ డిటన్‌కి మార్చుకుంది. సదక్ వాక్స్‌హాల్ కంపెనీ ఊళ్ళోనే మురుగు కలిసిన నీళ్ళు తోడుతోంది. ఒకే వీధి, ఒకే గాలి, ఒకే కంపు, ఒకే ఎత్తు. ధనికా పేదా, ఆడా మగా అంతా కలిసే ఉన్నారు. తేడా కుళాయిలో వచ్చే నీళ్ళొక్కటే. మూడు లక్షల జనం మీద ఎవరూ తలపెట్టకుండానే ఒక ప్రయోగం జరిగిపోయింది. ఉపాధి దాక్కోవడానికి చోటే లేదు.

కానీ ఏ ఇంటికి ఏ కంపెనీ? అద్దెకున్నవాళ్ళకి తెలీదు, పన్ను కట్టేది ఇంటి యజమాని. అప్పుడు స్నో ఒక చిట్కా కనిపెట్టాడు. మీరు హైస్కూల్లో చేసే ప్రయోగమే: నీళ్ళలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే, ఉప్పుంటే తెల్లటి అవక్షేపం వస్తుంది. సముద్రపు పోటు తగిలే ఊళ్ళోనీళ్ళలో ఎగువనీళ్ళకన్నా నలభై రెట్లు ఉప్పుంది. చిన్న సీసాలో నీళ్ళు పట్టుకుంటే చాలు, ఏ కంపెనీవో తేలిపోయేది.

తేలిన లెక్క ఇది. ఆ ఏడాది కలరా మొదలైన ఏడు వారాల్లో సదక్ వాక్స్‌హాల్ నీళ్ళు వాడే 40,046 ఇళ్ళలో 1,263 మంది పోయారు. లాంబెత్ నీళ్ళు వాడే 26,107 ఇళ్ళలో 98 మంది. పదివేల ఇళ్ళకి వేసి చూస్తే ఒకచోట 315, మరోచోట 37. ఇళ్ళ సంఖ్య చెప్పకుండా 1,263 మంది, 98 మంది అని మాత్రం చెప్పి ఊరుకుంటే, ఆ కంపెనీకి ఇళ్ళెక్కువ కనక చావులూ ఎక్కువ అని ఎదుటివాడు ఒక్కమాటలో కొట్టేసేవాడు. ఎందరిలో ఇందరు అన్నది లేకుండా అంకెలు చెప్పే వ్యాసం కనిపిస్తే పేజీ తిప్పేయండి.

ఇంత చేసినా ఆరోగ్య మండలి ఒప్పుకోలేదు. నీళ్ళే కారణమని నమ్మడానికి ఆధారం కనిపించలేదని 1855లో నివేదిక ఇచ్చింది. సోహోలోనే హెన్రీ వైట్‌హెడ్ అని ఒక కుర్ర పాదిరి ఉండేవాడు. ఆయనా నమ్మలేదు, పైగా స్నో మాట తప్పని నిరూపిద్దామని బయల్దేరాడు. ఆ పేటలో ప్రతి ఇల్లూ ఆయనకి తెలిసినదే. ఒక్కో ఇంటికి రెండుమూడుసార్లు వెళ్ళి, పారిపోయినవాళ్ళని కూడా వెతికి, నీళ్ళు తాగారా లేదా అని రాసుకున్నాడు. రాసినకొద్దీ లెక్క స్నో వైపే మొగ్గింది. చివరికి స్నోకి దొరకని ముక్క కూడా ఈయనకే దొరికింది: ఆ పంపు ముందున్న ఇంట్లో, గొడవ మొదలవడానికి మూడురోజుల ముందు ఒక పసిపాపకి విరేచనాలు పట్టుకున్నాయి. తల్లి ఆ గుడ్డలు జాడించిన నీళ్ళు పోసిన పాయిఖానా గుంట, ఆ పంపు కిందున్న బావికి మూడడుగుల లోపు దూరం. తవ్వి చూస్తే ఇటుకలు వదులై అందులోది ఇందులోకి ఊరుతోంది. శత్రువుగా వచ్చినవాడు ఒప్పుకున్నాడంటే ఆ వాదం ఏపాటిదో చూడండి.

మన తార్కికులు చర్చని మూడు రకాలు చేశారు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడమే పనిగా పెట్టుకుంటే జల్పం. తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడి మాట పడగొట్టడమొక్కటే చేస్తే వితండ. వైట్‌హెడ్ జల్పానికని వచ్చి వాదంలో స్థిరపడ్డాడు. టీవీ చర్చల్లో మనకి రోజూ దొరికేది ఏదో నేను చెప్పక్కర్లేదనుకుంటాను.

నిజం చేతిలో ఉంటే చాలు, ఒప్పించడం దానంతటదే జరుగుతుందని మీలో ఎవరికైనా ఉంటే సెమ్మెల్వైస్ కథ వినాలి. స్నోకి సమకాలీనుడు, వియన్నా పెద్దాసుపత్రిలో కాన్పుల డాక్టరు. అక్కడ రెండు వార్డులు. 1846లో వైద్య విద్యార్థులు పనిచేసే మొదటి వార్డులో నూటికి పదకొండుమంది బాలింతలు జ్వరంతో పోయారు. మంత్రసానుల రెండో వార్డులో ముగ్గురు కూడా లేరు. ఆయన ఒక్కో కారణం తీసుకుని కొట్టేస్తూ పోయాడు. జనం కిక్కిరిసి ఉండటమా? రెండో వార్డే ఎక్కువ కిక్కిరిసి ఉంది. చివరి ప్రార్థనకి వచ్చే పాదిరి గంట విని భయపడి పోతున్నారన్నారు. గంట మాన్పించి చూశాడు, చావులు తగ్గలేదు. 1847లో ఆయన స్నేహితుడైన ఒక డాక్టరు, శవపరీక్షలో విద్యార్థి కత్తి వేలికి గీరుకుని, అచ్చం బాలింతల లాంటి జబ్బుతోనే పోయాడు. అప్పుడు వెలిగింది. విద్యార్థులు శవాల గదినుంచి చేతులు సరిగా శుభ్రం చేసుకోకుండానే కాన్పులకి వస్తున్నారు. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో చేతులు కడిగించాడు. ఏప్రిల్లో నూటికి పద్ధెనిమిది ఉన్న చావులు జూన్‌కి రెండుకి దిగాయి.

అన్వయం ఉంది, వ్యతిరేకం ఉంది. అయినా వైద్యులు చాలామంది వినలేదు. ఎందుకంటే ఆయన రాయలేదు. స్నేహితులు ఆయన తరఫున నాలుగు ముక్కలు రాశారు గానీ, తన పుస్తకం తను తెచ్చింది 1861లో, పద్నాలుగేళ్ళ తరవాత. అదీ చదవడం కష్టం. అప్పటికి ఓపిక పోయి, పేరున్న ప్రొఫెసర్లకి బహిరంగ లేఖలు రాస్తూ మీరు హంతకులన్నాడు. మీ చేతులే మీ రోగుల్ని చంపుతున్నాయన్న మాట వినడం ఏ డాక్టరుకైనా ఎంత కష్టమో ఆలోచించండి. అది తిట్టుతో కలిపి వచ్చింది. 1865లో పిచ్చాసుపత్రిలో, పుండు విషమించి పోయాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. కళ్ళముందు తల్లులు చచ్చిపోతుంటే ఎవరు మాత్రం మర్యాదగా రాయగలరు? కానీ ఆ లేఖలు ఎవరినీ మార్చలేదు.

గ్రీకు పండితుడు అరిస్టాటిల్ ఒప్పించే మాటలో మూడు చూడమన్నాడు: చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసు, మాటలో ఉన్న తర్కం. మూడోది ఒక్కటే పట్టుకుని సెమ్మెల్వైస్ మిగతా రెంటినీ పోగొట్టుకున్నాడు. మనదగ్గర గిడుగు రామమూర్తి పంతులు కూడా ఘాటుగానే రాసేవారు. వ్యావహారిక భాషకోసం ఆయన చేసిన పోరులో తియ్యటి మాటలు తక్కువ. అయితే ఆయన ఘాటు వెనక ఎప్పుడూ ఆధారాల మూట ఉండేది. గ్రాంథికమే రాయాలనేవాళ్ళని పట్టుకుని, మీకది రాదు అని ఊరికే అనేయలేదు. పెద్దపెద్ద పండితుల రచనల్లోంచే వ్యాకరణం తప్పిన ప్రయోగాలు వందలకొద్దీ ఏరి చూపించారు. ‘బాలకవి శరణ్యం’ తిరగేస్తే తెలుస్తుంది. ఎదుటి పక్షం ఇంట్లోంచి తెచ్చిన సాక్ష్యాన్ని ఎదుటి పక్షం ఎలా కాదంటుంది?

స్నో 1858లో, నలభై అయిదేళ్ళకే పోయాడు. ఎనిమిదేళ్ళ తరవాత, 1866లో లండన్ తూర్పున మళ్ళీ కలరా వచ్చింది. ఈసారి చావుల పట్టిక ముందు వేసుకుని, ఏ నీళ్ళ కంపెనీ పరిధిలో ఎందరు పోతున్నారో చూసినవాడు ఎత్తుపల్లాల లెక్కవేసిన ఆ విలియం ఫారే. ఒకే కంపెనీ ఇళ్ళలో చావులు గుంపుకట్టడం చూసి, నీళ్ళే కారణమని గట్టిగా రాశాడు. 1884 మొదట్లో రాబర్ట్ కోహ్ మన కలకత్తాలో ఆ క్రిమిని విడదీసి పట్టుకున్నాడు. జనం స్నానం చేసి, బట్టలుతికి, ఆ నీళ్ళే తాగే ఒక చెరువులో కూడా అది దొరికింది.

ఇక అందరూ ఒప్పుకున్నారనుకుంటున్నారా? మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ అని మహా పేరున్న ఆరోగ్యశాస్త్రవేత్త ఉండేవాడు. క్రిమి ఒక్కటే చాలదు, నేలలో కొన్ని మార్పులు జరిగితేగానీ కలరా రాదని ఆయన పట్టు. 1892లో, డెబ్భై మూడేళ్ళ వయసులో, కలరా క్రిములున్న రసాన్ని, కడుపులో పులుపు వాటిని చంపకుండా ముందు సోడా కలుపుకుని మరీ గటగటా తాగేశాడు. కొద్దిరోజులు విరేచనాలయ్యాయి. చావలేదు. "చూశారా, నాకు కలరా రాలేదు!" అన్నాడు.

ఆయన ప్రతిజ్ఞ ఏది, హేతువు ఏది, పైకి చెప్పకుండా మింగిన వ్యాప్తి ఏది? మా తాత రోజుకి పది చుట్టలు కాల్చి తొంభై ఏళ్ళు బతికాడనేవాడికీ ఈయనకీ తేడా ఉందా, లేదా? ఆ కొద్దిరోజుల విరేచనాల్ని ఏ లెక్కలో వెయ్యాలి? బుజ్జిగాడికి ఒక జవాబు తోచింది, అమ్మలు అది ఒప్పుకోవడం లేదు. మీరూ ఓ కాగితం తీసుకోండి.